పడుకున్న లాప్‌టాప్‌కి ఆకలెందుకు?

మా నాన్న జీవితంలో ఒకే ఒక్క నాటకం రాశాడు. ఆ ఒక్కదాన్నీ నిండు సభలో, దీపాలన్నీ వెలుగుతుండగా, సగంలో కూలగొట్టినవాణ్ణి నేను. ఎలా కూలగొట్టానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు సభలో అందరూ నవ్వారు, నేను తప్ప. నా వంతు నవ్వు ఇన్నేళ్లకి వచ్చింది.

అప్పట్లో మేం కలకత్తా ఖిదిర్‌పూర్‌లో, రేవు కార్మికుల పాత క్వార్టర్లలో ఉండేవాళ్లం. రేవులో క్రేన్ నడిపి రిటైరయిన నాన్నకి ఇంట్లో కాలు నిలవలేదు. ఎత్తడానికి బరువులేవీ దొరక్క కలం ఎత్తాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఓ కుర్రాడు మొదటిసారి ఓడ చూసి భయపడి పారిపోవడం, ముఠావాళ్లు వెతికి పట్టుకొచ్చి అన్నం పెట్టి పనిలో నిలబెట్టడం, ఇదీ కథ. ఆ కుర్రాడు ఎవరో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ మాత్రం ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా నాన్నవైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

సాయంత్రాలు డాబా మీద రిహార్సళ్లు. కింద మసాలా మరమరాలమ్మే ఝాల్‌మురీవాడి డబ్బా చప్పుడు, దూరాన ఓడ కూత. నటులు మా సందు పిల్లలే: పారిపోయే కుర్రాడిగా లక్ష్మణ్, అన్నం పెట్టే అక్కగా గౌరి, ముఠాగా ఇంకొందరు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం ముగ్గు అనుకుంటారు. పోనీ నోటికి నేర్పుదామంటే ఇవాళ ఎక్కింది రేపటికి దిగిపోయేది.

అక్కడ ప్రవేశించాను నేను. ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని, ఇంటికంతటికీ ఒకే ఒక్క కంప్యూటర్ పండితుణ్ణి.

"నాన్నా, మాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో టైపు చేస్తాను. పక్క తెర వెనక లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. పెద్దపెద్ద అక్షరాలు కనిపిస్తుంటాయి, వీళ్లు చూసి చెప్పేస్తారు."

"ఏటో రా సూరిబాబూ, ఆ డబ్బా ఆగిపోతే?"

"ఎందుకాగుతుంది? కాలం మారింది నాన్నా!"

మనిషికి బుర్ర పనిచెయ్యడం మానేసినప్పుడు నోట్లోంచి వచ్చే మొదటి మాట అదేనని తర్వాత తెలిసింది.

ఒక్కటే చిక్కు. మాకు అరువిచ్చిన క్లబ్బు హాల్లో ఆ తెర దగ్గర ప్లగ్గు లేదు. వైరు లాగుతానంటే నాన్న ఒప్పుకోలేదు. నటుల కాళ్లకి అడ్డం పడుతుందట. రేవులో పనిచేసినవాడికి నేల మీద తాడు కనిపిస్తే నిద్రపట్టదు. అంటే నాటకం ఆసాంతం బ్యాటరీయే దిక్కు. సరిగ్గా అప్పుడే దానికి మాయరోగం పట్టింది. రాత్రిపూట బ్యాటరీ నిండా ఛార్జి చేసి, పూర్తిగా ఆపేసి పడుకుంటానా, తెల్లారి చూస్తే అడుగంటి ఉండేది. నడుస్తూ తింటే సరే, పడుకున్నదానికి ఆకలెందుకు?

వైద్యం మొదలైంది. సరిగ్గా ఆగడం లేదేమోనని బటన్‌ని గొంతు పిసికినట్టు నొక్కిపట్టి ఆపాను. మౌస్ తాలూకు బుల్లి ముక్క పీకేశాను. ఇంటర్నెట్టులో ఎవరో చెప్పారని త్వరగా లేచే సదుపాయం తీసేశాను. ఇంకెవరో చెప్పారని నెట్‌వర్కు పిలిస్తే మేలుకునే సదుపాయమూ తీసేశాను. తెల్లారేసరికి మళ్లీ ఖాళీ. బజారులో రిపేరు చేసే సోమూదా దగ్గరికి తీసుకెళితే "దాదా, బ్యాటరీ గ్యాఛే" అని, అది పోయిందని తేల్చి కొత్త బ్యాటరీ వేశాడు. కొత్తదీ పాతదాని అడుగుజాడల్లోనే నడిచింది. మళ్లీ వెళ్లాను. సోమూదా దాన్ని అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి "దాదా, ఎటా భూతేర్ కాండో" అన్నాడు. దయ్యం పనట!

ఆ మాట ఇంట్లో అనకుండా ఉండాల్సింది. మర్నాడు చూస్తే మూత మీద కుంకుమబొట్టు, పక్కన నిమ్మకాయ, మిరపకాయలు.

"అమ్మా, ఇదేమిటి?"

"ఓలమ్మ, దిష్టి తగిలినాదిరా! కొత్త బ్యాటరీ అని ఈదంతా సెప్పుకున్నావు కదేటి."

నేను దయ్యాల్ని నమ్మను. మనుషుల్నే అనుమానిస్తాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం. అమ్మకి లాప్‌టాప్ తెరవడం రాదు. నేను నిద్రపోతుంటాను. మిగిలింది ఎవరు? ఈ లెక్క వేసుకున్నప్పుడు నన్ను మించిన డిటెక్టివ్ లేడనిపించింది.

"నాన్నా, నేను పడుకున్నాక లాప్‌టాప్‌లో సినిమాలు చూస్తున్నావా?"

"నానా? సినిమాలా?"

"చూస్తే తప్పేం కాదు. ఒప్పుకుంటే చాలు."

"దాని మూత ముట్టుకుంటే ఒట్టురా!"

నమ్మలేదు. కన్న తండ్రిని నమ్మకుండా, ఆ పూట పడుకోబోయే ముందు మూతకీ అడుగుకీ కలిపి కాగితం ముక్క అతికించాను, పోలీసులు తాళానికి సీలు వేసినట్టు. నాన్న మంచం మీద కూర్చుని అంతా చూశాడు. అటు తిరిగి పడుకున్నాడు. తెల్లారి చూస్తే కాగితం అతికించినట్టే ఉంది. ఛార్జి మాత్రం లేదు. నాన్న నాకంటే ముందే లేచి, ఫోన్‌లో తన నాటకం రికార్డింగు వింటూ గంగ ఒడ్డుకి వెళ్లిపోయాడు. క్షమించమని అడగాలనిపించింది. సాయంత్రం అడుగుదాం అనుకున్నాను. సాయంత్రం రిహార్సలు. అడగలేదు.

నాటకం రోజు వచ్చింది. జాగ్రత్త అంటే ఏమిటో లోకానికి చూపించాలని పొద్దున్నంతా ఛార్జి పెట్టి, నిండాక ఆపి, సంచిలో పెట్టాను. "దీన్ని ఎవరూ తెరవొద్దు. సాయంత్రం వచ్చేటప్పుడు తీసుకురా నాన్నా" అని ఆజ్ఞాపించి, తెరలు కట్టడానికి హాలుకి వెళ్లిపోయాను. నాన్న తు.చ. తప్పలేదు. తెరవలేదు, తెచ్చిచ్చాడు.

హాలు కిక్కిరిసింది. రేవులో పనిచేసి మానేసిన ముసలివాళ్లంతా ముందు వరసలో. నాన్న ఇస్త్రీ చొక్కాతో తెర పక్కన నిలబడ్డాడు. తన పేరు మైకులో చదివినప్పుడు చొక్కా గుండీలు సర్దుకున్నాడు, అవి సరిగ్గానే ఉన్నా. తెర లేచింది. నేను లాప్‌టాప్ తెరిచాను. ఛార్జి మూడో వంతు కూడా లేదు. నా ప్రాణం కూడా అంతకే వచ్చింది.

సరిగ్గా లక్ష్మణ్ ఓడని చూసి వణుకుతూ "అక్కా, ఈ ఇనప కొండని సూత్తే నాకు..." అన్న దగ్గర లాప్‌టాప్ తెర మీద అక్షరాలు ఆరిపోయాయి.

"నాకు..." అన్నాడు లక్ష్మణ్ మళ్లీ. నావైపు చూశాడు. "నాకు..."

"నీకేటి?" అంది గౌరి, అది నాటకంలో లేకపోయినా.

"నాకు కిఛ్ఛు మొనే పొడ్‌ఛే నా గో!" అని ఏడుపు గొంతుతో బెంగాలీలో అరిచాడు వాడు, ఏమీ గుర్తురావడం లేదని. హాలు గొల్లుమంది.

నాన్న నా పక్కకి వంగాడు. "ఏటయిందిరా?"

"ఛార్జి అయిపోయింది నాన్నా."

"అంతేనా? కంగారు పడకు" అని నాన్న తన సంచిలోంచి ఇటుకంత పవర్ బ్యాంకు తీశాడు. "దీన్లో ఉన్నాది. మజ్జేనం నీ డబ్బాకే పెట్టి ఎక్కించినాను, నాటకం ఫోన్లో తీద్దారని. తిరిగి దాన్లోకి ఎక్కించేసుకో."

"నా లాప్‌టాప్‌కా? అది ఆపేసి ఉంది కదా!"

"రోజూ రాత్రి దీన్ని అలాగే కదేట్రా పెడతన్నాను! వానల్లో గోడ ప్లగ్గు కాలినప్పుడు నువ్వే కదా సెప్పినావు. 'రాత్రిళ్లు గోడకి పెట్టొద్దు నాన్నా, నా లాప్‌టాప్‌కి పెట్టుకో, ఆపేసినా ఛార్జి ఇచ్చేటట్టు సెట్టింగు మార్చినాను' అని. మరిసిపోనావా? మూత ముట్టుకోలేదు. పక్కనున్న బెజ్జంలోనే పెట్టినాను."

తెర పక్కన మైకు ఉందని ఇద్దరం మరిచాం. మాటకి మాట హాలంతా విన్నది. ముందు వరస ముసలివాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ ఇటుకని లాప్‌టాప్‌కి పెట్టబోతే దాని మూతి ఒకటి, దీని బెజ్జం ఇంకొకటి. తీసుకోవడం తెలుసు గానీ ఇవ్వడం తెలియని బంధువులా ఉంది.

నాన్న ఒక్క క్షణం వేదిక వైపు చూశాడు. తలపాగా చుట్టుకుని నడిచి వెళ్లి నడిమధ్య నిలబడ్డాడు. రేవులో బరువు ఎత్తేటప్పుడు సర్దారు ఒక మాట అంటే ముఠా అంతా అందుకుంటుంది, చూశారా, అలా గొంతెత్తాడు.

"నాకు కాళ్లు ఒణుకుతున్నాయే అక్కా!"

"నాకు కాళ్లు ఒణుకుతున్నాయే అక్కా!" అందుకున్నాడు లక్ష్మణ్.

అలా మాటమాటా నాన్న అరవడం, వాళ్లు అందుకోవడం. కాసేపటికి ముందు వరస ముసలివాళ్లు కూడా అందుకోవడం మొదలుపెట్టారు. కుర్రాడికి అన్నం పెట్టే ఘట్టంలో హాలు హాలంతా ఒకే ముఠా అయిపోయింది. కర్టెన్ పడ్డాక ఆ ముసలివాళ్లు నాన్న చెయ్యి వదల్లేదు. ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. ఆ గొంతులు మాత్రం ఓడ కూత విన్నప్పుడల్లా నాకు వినిపిస్తాయి.

ఇంటికి నడుస్తూ అన్నాను: "నాన్నా, తప్పయిపోయింది. నిన్ను అనుమానించి, కాగితం అతికించాను."

"పోనీలేరా" అన్నాడు. నాలుగడుగులు వేశాక ఆగాడు. "అయితే, ఆ కాగితం జిగురు మంచిదేరా. ఈసారి నీ నోటికి అతికించుకో, సెట్టింగులు మార్చినాక."

కనుక చదువరులారా, మీ సాక్షిగా, నా లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ యంత్రం మొరాయించినా దయ్యాన్నీ, బ్యాటరీనీ, కన్న తండ్రినీ అనుమానించను. ముందు నేనిచ్చిన సలహాలన్నిటినీ వరసగా నిలబెట్టి విచారిస్తాను. దొంగ అందులోనే దొరుకుతాడు.