డెలిస్ కాచిన జావ

మా డెలిస్‌కి కోపం ముక్కు మీదే ఉండేది. రాసినదాంట్లో ఒక్క ముక్క మారిస్తే చాలు, ఆఫీసు పైకప్పు ఎగిరిపోయేది. మా ఇలోయిలో ఊళ్ళో బేకరీ మీది గదిలో పక్కపక్కనే కూర్చుని ఏళ్ళ తరబడి రాశాం ఇద్దరం. ఎక్కడెక్కడి కంపెనీల వెబ్‌సైట్లకో వ్యాసాలు. జనం నెట్‌లో ఏం వెతుకుతారో కనిపెట్టి, వెతగ్గానే మనదే అన్నిటికన్నా పైన కనబడేలా రాయాలి. పేరు మాత్రం మాది ఉండదు. డెలిస్ రాసిన వంటల కింద జెన్నీ అని ఒక తెల్లమ్మాయి ఫోటో నవ్వుతుండేది.

"దీని మొహం! పొయ్యి వెలిగించడమైనా వచ్చా దీనికి?" అని తిట్టిపోసేది డెలిస్.

కిడ్నీలు పాడయ్యాక, డయాలసిస్ కుర్చీలోంచే రాసింది జ్వరానికి బియ్యం జావ గురించి. అందులో సొంత మాట ఒకటి దూర్చేసింది. "అల్లం తొక్కు తీయకండి. మా అమ్మ తీయదు. పక్కన మనిషి మూలుగుతుంటే తొక్కలు తీసే తీరిక ఎవరికుంది?" ఆఫీసులో ఎవరూ గమనించలేదు. ఆ వ్యాసం మొదటి స్థానానికెక్కి కూర్చుంది. నానాయ్ అంటే మా భాషలో అమ్మ. వాళ్ళ నానాయ్ కోరింగ్‌కి డెలిస్ ఫోన్లో వెతకడం నేర్పింది. "చూడు నానాయ్, లోకంలో ఎవరడిగినా మొదట చెప్పేది నేనే!"

తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు, పిచ్చిది.

నానాయ్ రోజూ పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్ళని వాకిట్లో కూర్చోబెట్టి, వెతికి, పైకి చదివేది. "మొదటిదే, చూశారా? ఆ బొమ్మని చూడకండి, మాట నా కూతురిది."

ఈ వానాకాలం ఆ వ్యాసం ఆరో చోటికి జారింది. పాతబడితే అంతే, తిరగరాయకపోతే అడుక్కి పోతుంది. మా టీమ్ లీడర్ జున్రే ఆ పని నాకిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

"పోయినదాని రాత చెరపమంటావా? నీకు చేతులెలా వచ్చాయి?"

"అలాగే వదిలేస్తే పేజీయే తీసేస్తారట. నువ్వు కాకపోతే ఇంకొకరు రాస్తారు. ఆలోచించుకో."

పాత వ్యాసం కాగితం మీద అచ్చు తీసుకుని నానాయ్ దగ్గరికెళ్ళాను. నేను నోరు తెరవకముందే, ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే మా ఊరి మాటతో అందుకుంది.

"ఇందాయ్, నా కూతురి నెత్తినెక్కిన ఆ ఐదుగురూ ఎవరే? దాన్ని మళ్ళీ పైకి తీసుకురా, తల్లీ."

"తేవాలంటే దాని మాటలన్నీ తీసెయ్యాలి నానాయ్. అవి ఇదిగో, ఇందులో ఉంటాయి. దాచుకో."

కాగితం ముట్టుకోలేదు. "దాన్ని పెట్టెలో పెట్టి మూత వెయ్యడం ఒకసారి చాలదూ నాకు?" అంది. ఫోన్ తెరని అరచేత్తో తుడిచింది. "మార్చు. అది మొదటే ఉండాలి. అది కోరుకున్నదదే."

రాశాను. అల్లం మాట ఒక్కటైనా మిగుల్చుదామని చూశాను. "జెన్నీకి ఈ అమ్మ ఎవరు?" అని జున్రే కొట్టేశాడు. కొన్ని వారాలకి వ్యాసం మళ్ళీ పైకెక్కింది. సంతోషించాలో ఏడవాలో తెలియక వాళ్ళింటికి పరుగెత్తాను.

వాకిట్లో ఆడవాళ్ళు చేరారు. నానాయ్ చదువుతోంది. తెర మీద అల్లం తొక్కు తీసి సన్నగా తరగమని నేను రాసింది ఉంది. ఆవిడ మాత్రం తడబడకుండా, "తొక్కు తీయకండి, మా అమ్మ తీయదు" అని చదివింది.

అందరూ వెళ్ళాక ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇందులో దానిది ఒక్క మాటైనా ఉందా ఇందాయ్? నిజం చెప్పు."

పైనుంచి కిందిదాకా వెతికాను. "వ్యాసం పేరు ఉంది నానాయ్. 'జ్వరమొస్తే జావ ఎలా కాయాలి?' అని. అది డెలిస్ పెట్టిందే."

"అది నెట్‌లో అందరూ అడిగేదే కదే," అంది నానాయ్, ఫోన్ తీసుకుంటూ.