ముగ్గురు మేనేజర్ల ఓవర్‌టైమ్

ఒమాన్‌లో, సీబ్ ఊళ్లోని షాపులో నేను మొదట సేల్స్‌మన్‌ని. డ్యూటీ టైమ్ దాటితే ఓవర్‌టైమ్ ఇచ్చేవాళ్లు. ఊరికి పంపే డబ్బులో సగం అదే. డెబ్బైల మధ్యలో ఒకరోజు కంపెనీ జనరల్ మేనేజరు నన్ను మత్రాలోని హెడ్డాఫీసుకి పిలిపించాడు. "ఇవాళ్టి నుంచి నువ్వు షాపు మేనేజర్‌వి" అన్నాడు. జీతం ఐదు రియాల్స్ పెంచాడు. పొంగిపోయి మా ఆవిడకి మిఠాయి కూడా కొన్నాను. నెల తిరిగాక జీతం కవరు చూసుకుంటే ఓవర్‌టైమ్ లేదు. మేనేజర్లకి ఉండదట. శుక్రవారం సెలవూ ఉండదట.

బియ్యం బస్తాలు దింపేది నేను, షాపు ఊడ్చేది నేను. ఇనప్పెట్టె తాళం మాత్రం జనరల్ మేనేజరు దగ్గర. ఒక్క పనివాడికి ఒక పూట సెలవిచ్చే హక్కు నాకు లేదు. పైగా ఎన్నింటికి తెరిచానో, ఎన్నింటికి మూశానో రోజూ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. కొనడానికొచ్చిన ఒమానీలు గౌరవంగా 'ముదీర్', అంటే మేనేజరు, అని పిలిస్తే ఒళ్లు మండేది.

ఆ జనరల్ మేనేజరూ మన దేశం వాడే. "మనమంతా ఒక కుటుంబం" అనడం ఆయనకి అలవాటు. ఆ మాట వినగానే నాకు చీదరేసేది.

కంపెనీకి ఇంకో రెండు షాపులుండేవి. రుస్తాఖ్‌లో ఒక మలయాళీ, సూర్‌లో నిజామాబాద్ వైపు ఆయన. ఇద్దరినీ నాలాగే మేనేజర్లని చేశారు. సూర్ ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అనేవాణ్ణి. ఎవరితోనూ గొడవ పడే మనిషి కాదు.

ఆ ఏడు సరుకు లెక్కల సమయంలో అన్న సూర్ నుంచి ట్రక్కులో మత్రా వచ్చాడు. నేనూ ఆఫీసులోనే ఉన్నాను. జనరల్ మేనేజరు సొరుగులోంచి అన్న పేరున ఎప్పుడో వచ్చిన రెండు టెలిగ్రాములు తీసి ఆయన చేతిలో పెట్టాడు. మొదటిదాంట్లో భార్యకి ఆపరేషన్, ప్రాణం మీదికొచ్చింది, వెంటనే రమ్మని ఉంది. రెండోది పన్నెండు రోజుల తర్వాతది. గండం గడిచిందని.

"ఇది గప్పుడే ఎందుకియ్యలే?" అన్నాడు అన్న.

"ఇచ్చుంటే షాపు వదిలి పరిగెత్తేవాడివి. ఇప్పుడామె బాగానే ఉందిగా. టికెట్ ఖర్చు మిగిలింది నీకు."

అన్న టెలిగ్రాములు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక, "తమ్మీ, లేబర్ ఆఫీసుకి పోదాం. మలయాళీని గూడ పిలువు" అన్నాడు.

మా ఆవిడ అక్కడే హాస్పిటల్‌లో నర్సు. ఆమెకి ఇది నచ్చలేదు. "మీ వీసా ఆయన చేతిలో ఉందండీ. రద్దు చేస్తే నేనొక్కదాన్నే ఇక్కడేం చేయను?" అంది. అయినా వెళ్లాను.

ఓవర్‌టైమ్ ఇప్పించమని ముగ్గురం కలిసి ఒకే అర్జీ పెట్టాం. ఆఫీసరు నెమ్మదిగా మాట్లాడే ఒమానీ. జనరల్ మేనేజరు దర్జాగా కూర్చుని, వీళ్లు మేనేజర్లు, ఓవర్‌టైమ్ వర్తించదన్నాడు.

"పనివాళ్లని ఎవరు పెడతారు?" అడిగాడు ఆఫీసరు.

"నేను."

"వీళ్లకి సెలవెవరిస్తారు?"

"నేనే."

"మరి వీళ్లు దేనికి మేనేజర్లు?"

ఆఫీసరు సంతకాల రిజిస్టర్లు తెమ్మన్నాడు. మమ్మల్ని కట్టేయడానికి జనరల్ మేనేజరు పెట్టిన ఆ రిజిస్టర్లలోనే మేం చేసిన ప్రతి గంటా రాసి ఉంది.

మూడు వారాలు తిప్పారు. చివరికి రాజీ కుదిరింది. మాకు రావలసినదాంట్లో సగం ఇస్తారు. ఇక ఏ బాకీ లేదని మేం సంతకం పెట్టాలి. మలయాళీ వెంటనే పెట్టాడు, అతనికి అప్పులున్నాయి. నేనూ పెట్టాను. అన్న మాత్రం టెలిగ్రాములు దాచినందుకు తప్పయిందని కాగితం మీద రాసిమ్మన్నాడు. "అది కంపెనీ విషయం కాదు" అన్నాడు జనరల్ మేనేజరు. అన్న కాగితం దగ్గరికి లాక్కుని సంతకం గీకాడు. ఇంట్లో ఆపరేషన్ అప్పు తీర్చాలి మరి.

అంతా అయ్యాక జనరల్ మేనేజరు లేచి నవ్వుతూ చెయ్యి చాపాడు. మలయాళీ కలిపాడు. నేనూ కలిపాను. అన్న చేతులు వెనక్కి పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ చెయ్యి కలిపినందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

రెండు నెలల్లో వీసాల గడువు ముగిసింది, కంపెనీ ముగ్గురికీ రెన్యూ చేయలేదు. నాకు మా ఆవిడ హాస్పిటల్ స్టోర్‌లో పని దొరికింది, అక్కడే ఉండిపోయాను. మలయాళీ ఊరికి పోయాడు. అన్న కూడా వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో, "నా భార్యకి చెప్పాలె, నాకు తెలిస్తే వచ్చేటోణ్ణని. నమ్ముతదో లేదో" అన్నాడు.

నర్సుల క్వార్టర్స్‌లో ప్రార్థన కూటంలో మా సంగతి విన్న ఒక పెద్దాయన ఆ జనరల్ మేనేజరుని క్షమించమన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. మా ఆవిడ మోచేత్తో పొడిచినా అనలేదు.