లాభ్ పాంచమ్ నాటి టోకెన్

పోయిన వారం మేము కొత్తగా అద్దెకు దిగిన ఫ్లాటుకు సొసైటీ వాచ్‌మన్ ఒక ఫారం తెచ్చి ఇచ్చాడు. ఉంటున్నవారు సొంతదారులా, అద్దెదారులా అని ఒక గడి. కారు ఉందా, లేదా అని ఇంకో గడి. మొదటిదాంట్లో అద్దె అని రాశాను, రెండోదాంట్లో లేదు అని రాశాను. వాచ్‌మన్ చదువుకుని సంతోషంగా తల ఊపాడు. పార్కింగు తగాదా ఒకటి తగ్గిందని అతని సంబరం. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఒక దీపావళి సెలవుల్లో ఇల్లూ కారూ రెండూ మా చేతికి అందినంత పని అయింది. ఇల్లు నా మూలంగానే పోయింది. ఆ మాట మా ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు కాబట్టి నేనే చెప్పాలి.

అప్పుడు కూడా మేము సూరత్ శివారు భేస్తాన్‌లోనే ఉండేవాళ్లం, మగ్గాల షెడ్ల వెనక గల్లీలో, పక్క వీధిలో ఉండే ఒక గుజరాతీ పెద్దాయన ఇంట్లో అద్దెకు. గల్లీ అంతా ఆయన్ని కాకా అనేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. కింద రెండు గదులు, పైన రేకుల గది, ముందు ఒక అరుగు, అంతే ఆ ఇల్లు. పక్క షెడ్డులో మగ్గాలు నడుస్తున్నంతసేపూ మా వంటింటి అరలో గిన్నెలు సన్నగా గలగలమంటూనే ఉండేవి. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిందంటే ఏదో అయిందని మెలకువ వచ్చేది. ఆ షెడ్డులోనే మా ఆయన మాస్టరు, అంటే మగ్గం మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చే మనిషి. నేను అరుగు మీద కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని. ఎంత తోమినా గమ్ము వాసన వేళ్లను వదిలేది కాదు. అన్నం కలిపి పెడితే మా అమ్మాయి ముక్కు మూసుకుని, “మమ్మీ, ఆజ్ ఫిర్ గమ్‌వాలా చావల్?” అనేది, ఇవాళ కూడా గమ్ము అన్నమేనా అని. పదకొండేళ్లు ఉన్నాం ఆ ఇంట్లో. వంటగట్టుకు నా రాళ్ల పని డబ్బులతో నీలం పలకలు కూడా వేయించాను. “కిరాయి ఇంటికి టైల్సు ఏయించేదాన్ని నిన్నే సూసిన్నే” అని మా ఆయన నెల రోజులు నవ్వాడు.

ఒక వానాకాలం కాకా మోకాళ్లు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుని, ఈ ఇల్లు అమ్మేసి నవసారిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పాడు. బయటివాళ్ల కంటే తక్కువకే, ముందు మాకే ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు. టోకెన్ డబ్బు, అంటే బయానా, లాభ్ పాంచమ్ రోజున, చేతి నుంచి చేతికి ఇవ్వాలి. దీపావళి వెళ్లిన ఐదో రోజు అది. గుజరాతీలు కొట్లు మళ్లీ తెరిచి, కొత్త పద్దు పుస్తకాలకు బొట్టు పెట్టి, ఏ కొత్త బేరమైనా ఆ రోజే మొదలుపెడతారు. ఇప్పుడే తీసుకో కాకా అని మా ఆయన బతిమాలితే ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

డబ్బు ఉంది. చెప్పుల అడుగు అరిగితే కింద టైరు ముక్క కుట్టించుకుని తొడుక్కునే మనిషి మా ఆయన. అలా పదకొండేళ్లు దాస్తే ఎంతో కొంత ఉండకుండా ఎలా ఉంటుంది? ఇంటి కోసం దాచిన ఆ డబ్బు మీద నా కన్ను పడింది. నాకు కారు కావాలి.

ఎందుకు కావాలో చెబితే నవ్వుతారు. నాకు బస్సు పడదు. సూరత్ నుంచి మా జిల్లాకు రాత్రీ పగలూ సాగే ప్రయాణంలో నేను ఎక్కిన ప్రతి బస్సులోనూ కండక్టరు ముందే నన్ను పోల్చి, ఒక సంచి చేతిలో పెట్టి తలుపు పక్కన కూర్చోబెట్టేవాడు. అంతకు ముందు ఏడు దీపావళికి అలాగే వాడిపోయి, చీరంతా ఖరాబై, మా ఊరి బస్టాండులో నేల మీద కూలబడి ఉంటే మా చెల్లె తన కారులో వచ్చింది. కారు దిగకుండానే అద్దం దించి, “అక్కా, సూరత్‌ల గంత కష్టపడుతరు, ఇంకా గీ బస్సులేందే?” అంది. పాపం, ప్రేమగానే అంది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ ఏడాదంతా రాళ్లు అంటిస్తూ ఆ అద్దం గురించే ఆలోచించాను.

సూరత్ అవతల హజీరాలో ఒక కంపెనీ ఆఫీసరు బదిలీ మీద పోతూ తన పాత కారు అమ్ముతున్నాడని తెలిసింది. నేను మూడు రోజులు మూతి ముడుచుకున్నాను. నాలుగో రోజు మా ఆయన కాలెండరు చింపి దాని వెనక లెక్కలు వేశాడు. వయసులో ఉన్నప్పుడు బట్టల తాన్లు మోసే టెంపో నడిపినవాడు కాబట్టి డ్రైవరు ఖర్చు లేదు. కారుకు ఇంత, టోకెన్‌కు ఇంత, మిగతాది బ్యాంకు అప్పు అని గీతలు గీసి చివరికి పెన్సిల్ కింద పెట్టాడు. “రెండూ అయితయి. గని జరంత గూడ అటు ఇటు కావద్దు” అన్నాడు. నేను తల ఊపాను. ఆ క్షణంలో ఏం చెప్పినా తల ఊపేదాన్నే.

కారు వచ్చింది. ఎండకు రంగు పోతుందని, అచ్చు తప్పిన చీర గుడ్డలు తెచ్చి దానికి నేనే ముసుగు కుట్టాను. గులాబీ పూలు, ఆకుపచ్చ అంచు. ఆ ముసుగు చూసి గల్లీలో ఆడవాళ్లు మీ కోడలు ఇంకా లేవలేదా అని ఆట పట్టించేవారు. అన్నిటికీ నవ్వాను. అంత సంతోషం నా జన్మలో ఎరుగను.

షెడ్లకు సెలవులు ఇచ్చారు. కారులోనే ఊరికి వెళ్లాం. టోకెన్ డబ్బు గుడ్డ సంచిలో నా దగ్గరే ఉంది. తాళం వేసిన ఇంట్లో వదలడానికి మా ఆయన ఒప్పుకోలేదు. దీపావళి అయిన మర్నాడు మా చెల్లె ఊరు వెళ్లి, అక్కడ రెండు రాత్రులు ఉండి, మూడో రోజు పొద్దున బయలుదేరాలి. రెండు రోజుల దారి. నాలుగో రోజుకు సూరత్ చేరితే ఐదో రోజు తీరిగ్గా స్నానం చేసి కాకా ముందు కూర్చోవచ్చు. ఇదీ మా ఆయన ఏర్పాటు.

చెల్లె ఇంటి ముందు కారు దిగాను. ఈసారి చీర నలగలేదు. చెల్లె అత్తగారు సీటు మీద చెయ్యి వేసి చూసి, మెత్తగున్నది బిడ్డా అంది. రెండు రోజులూ ఆ వాడలో ఎవరెవరినో ఎక్కించుకుని తిప్పించాను. మూడో రోజు పొద్దున ఆ అత్తగారు మా కారులో గుడికి పోవాలని కొత్త చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. మా ఆయన అప్పటికే సామాను సర్దాడు. నన్ను పక్కకు పిలిచి, “లాభ్ పాంచమ్ యాదికున్నదా?” అని మెల్లగా అడిగాడు.

“ఇంకొక్క రోజేనయ్యా. పదకొండేండ్ల సంది ఉంటున్నం. కాకా మనల్ని కాదని ఎవరికిస్తడు?” అన్నాను.

ఆయన సామాను దించాడు.

నాలుగో రోజు తెల్లవారగానే బయలుదేరాం. ఆగకుండా నడిపితే మర్నాడు పొద్దెక్కేసరికి చేరతాం. మహారాష్ట్రలో ఘాట్ రోడ్డు వచ్చింది. సొంత కారు, ముందు సీటు, పక్కన కిటికీ, చేతిలో నిమ్మకాయ. అయినా బస్సులో కంటే ఎక్కువ వాంతులు చేసుకున్నాను. “మమ్మీ, ఇస్‌సే తో బస్ హీ అచ్ఛీ థీ” అంది మా అమ్మాయి, దీనికంటే బస్సే నయమని. కళ్లు తిరిగి పడిపోతే మా ఆయన ఒక లాడ్జి ముందు ఆపాడు. ఐదో రోజు పొద్దున అక్కడి నుంచే కాకాకు ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ తీయలేదు. పూజలో ఉంటాడు అనుకున్నాం.

భేస్తాన్ చేరేసరికి సాయంత్రం నాలుగు. కాకా మా అరుగు మీదే కుర్చీ వేసుకుని ఉన్నాడు. నుదుట కుంకుమ ఆరిపోయింది, ఒళ్లో మిఠాయి డబ్బా ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి మోకాళ్లు సహకరించక మళ్లీ కూర్చున్నాడు. గల్లీ చివర గమ్మూ రాళ్లూ అమ్మే దుకాణం అతను ఇల్లు తనకిమ్మని పొద్దున వచ్చాడట. ముహూర్తం చివరిదాకా కాకా మా కోసం చూశాడట. ఇక దాటిపోతుందనగా ఆ దుకాణం అతను పూజ పళ్లెంలో డబ్బు పెట్టాడట. ఆ రోజు కాకా గడప లోపలికి వచ్చిన మొదటి డబ్బు అదే. కాకా మా ఆయన్ని కాదు, నన్నే అడిగాడు, “లక్ష్మీ ఆవే తో నా కేమ్ పడాయ్, బెన్?” అని. లక్ష్మి నడిచి వస్తే వద్దని ఎలా అనడం? చంకలో సంచి బరువుగా ఉంది.

మా ఆయన చెల్లె కట్టి ఇచ్చిన లడ్డూల పొట్లం కాకా చేతికి ఇచ్చి, వంగి కాళ్లకు దండం పెట్టాడు. తర్వాత బకెట్టులో నీళ్లు తెచ్చుకుని, కారు తలుపు మీద చారలు కట్టిన నా వాంతి కడగడం మొదలుపెట్టాడు. నేను కడుగుతానన్నాను. “నువ్వు కూసో, మొఖమంత పీక్కపోయింది” అన్నాడు.

ఆరు నెలల్లో ఆ ఇల్లు ఖాళీ చేశాం. నీలం పలకలు అక్కడే ఉండిపోయాయి. ఆ తర్వాత ఇళ్ల ధరలు మాకు అందకుండా పోయాయి. కారు ప్రతి ఏడూ మరమ్మతులు అడిగింది. మూడేళ్లకు దాన్ని కొన్న ధరలో సగం కంటే తక్కువకే అమ్మేశాం. టోకెన్ డబ్బు కొంత అమ్మాయి చదువుకు, కొంత నా ఆపరేషన్‌కు పోయింది. మధ్యలో ఎప్పుడైనా ఆయన నన్ను ఒక్కసారి తిడితే బాగుండును అనిపించేది. తిట్టించుకుందామని నేనే కదిపాను కూడా ఒకసారి, మూడో ఇల్లు మారేటప్పుడు బీరువా మోయలేక ఆయన మెట్ల మీద కూర్చుండిపోతే. నా వల్లే కదా ఇదంతా అన్నాను.

ఆయన చెమట తుడుచుకున్నాడు. “మీ చెల్లె ఇంటి ముంగట కారు దిగినవు సూడు, గప్పుడు నీ మొఖం సూసిన. గసొంటి మొఖం మన పెండ్లినాడు గూడ సూడలే. ఇగ పొద్దుగాల పోదామని నేనెట్ల గట్టిగ చెప్పుదునే?” అన్నాడు.

ఇప్పుడాయనకు యాభై ఎనిమిది. ఈ మధ్య ఒక చిన్న ఫ్లాటుకు అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే జీతం సంగతి తర్వాత, ముందు వయసు అడిగారు. విని, అప్పు తీర్చే ఏళ్లు లెక్కపెట్టుకుని, మళ్లీ రమ్మని మర్యాదగా పంపించారు. ఒక్క రోజుతో ఏం పోతుందిలే అనుకున్నాను అప్పుడు. ఇల్లు కొనడానికి కావలసినన్ని రోజులు ఇప్పుడు మా దగ్గర లేవు.