పద్నాలుగో పేజీ

నిన్న సాయంత్రం మా పాప బడికి రాసిన నాలుగు లైన్లు టాబ్‌లో చూపించి, ఎర్రగీత ఒక్కటీ లేదు కనుక చదవనక్కరలేదు, సంతకం పెట్టమంది. దానికి ఆరేళ్లు. నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నమ్మే ఒకప్పుడు నేను సంతకాలు పెట్టాను.

కోయంబత్తూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. బోడినాయకనూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, తమిళనాట స్థిరపడ్డ మా తెలుగు మనుషులే, క్లాసులో నన్ను మిస్ అని, హాస్టల్ మెట్ల దగ్గర అక్కా అని పిలిచేది. ఒకసారి వాళ్ల నాన్న ఏలకుల సంచితో వచ్చి, నా తెలుగు విని, ఊరూ పేరూ అడిగి చుట్టరికం కలిపేశాడు. "మన అమ్మణ్ణి ఈడ ఉండాది గదా, ఇంక నాకేం బయం" అని నన్ను చూపిస్తూ నవ్వాడు. మాలో అంతే, బంధువని తేలాక ఆ మాట కాదనలేరు.

చివరి సంవత్సరం ఆ అమ్మాయి ఏలకుల వేలం మీద ఇంగ్లీషులో రిపోర్టు రాసింది. పరీక్షల ముందు సెలవులకు ఇంటికి వెళ్లి అక్కడి నుంచే పంపింది. అప్పుడు నేను నిండు గర్భిణిని. సెలవు పెట్టేలోగా ఇరవై రిపోర్టులు దిద్దాలి. కంప్యూటర్ స్పెల్లింగు తప్పని ఎర్రగీత గీసిన చోటల్లా ఆగేదాన్ని, గీత లేని చోట చదివేదాన్ని కాదు. ఆమె రిపోర్టులో ఎర్రగీతలన్నీ ఎస్టేట్ల పేర్లకూ, ఏలకుల కొండల మీద వాడే మాటలకూ పడ్డాయనుకున్నాను. వరసగా ఇగ్నోర్ నొక్కుతూ పోయి, పూర్తిగా పరిశీలించానని సంతకం చేశాను.

కాన్పయ్యాక కాలేజీకి తిరిగి వెళ్తే, ఆమె పరీక్షలకే రాలేదన్నారు. బైండు చేసిన రిపోర్టు బీరువాలో ఉంది. ఊరికే తిరగేస్తుంటే పద్నాలుగో పేజీలో, వేలం ధరల వివరాల మధ్య, మా ఇళ్లలో మాట్లాడే తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించింది. తమిళ బళ్లలో చదివిన మావాళ్లకు తెలుగు లిపి రాదు, రాస్తే అలాగే రాసుకుంటారు. "అక్కా, అయ్య సదువు నిలిపి పెండ్లి పెట్టినాడు. ఫోను తీసుకునేసినారు. ఒకసారి వచ్చి మాట్లాడు, నీ మాట వింటాడు." ఆ కాలేజీలో ఆ రెండు లైన్లు అర్థమయ్యే మనిషిని నేనొక్కదాన్నే. ఒక్కో మాట కిందా ఎర్రగీత పడే ఉంటుంది, ఒక్కోసారీ ఇగ్నోర్ నొక్కే ఉంటాను.

పోయిన ఏడాది గాంధీపురంలో ఒక బట్టల షోరూంలో వెనక నుంచి ఎవరో నా భుజం తట్టారు. చంకలో బిడ్డతో తనే. "ఏమక్కా, కణ్ణాడి పెట్టేసినావు, ముసలమ్మ అయిపోతివే!" అని నా కళ్లద్దాలు చూసి అదే నవ్వు. పరీక్షల సంగతి తనే ఎత్తింది.

"నెట్ సెంటర్లో అయ్య పక్కనే కూర్చోని ఉండె, అందుకే రిపోర్టు నడాన దాచి రాస్తిని. నువ్వు చదివినావు గదా అక్కా. రాలేదంటే, పెండ్లే మేలని నీకూ తోచెనని అనుకుంటిని. పెద్దదానివి, యోచన చేయకుండా ఉంటావా."

చదవలేదని చెప్తే? అక్క ఆలోచించే రాలేదన్న ఆ ఒక్క ఊహ ఇన్నేళ్లూ పట్టుకుని సంసారం చేసిన పిల్లకు అదీ లేకుండా పోతుంది. చెప్పకపోతే, ఆమె చదువు మాన్పించిన వాళ్లలో నేనూ ఒకదాన్నవుతాను. అవునన్నట్టు తల ఊపాను. "అత్త పిలుస్తా ఉండాది, వస్తానక్కా" అని చీరల గుట్టల మధ్య నుంచి వెళ్లిపోయింది.

అది జాలో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇప్పుడు కాలేజీల్లో రిపోర్టులు అచ్చువేయించి కుట్టించే పని లేదట. పిల్లలు పంపడమూ, యంత్రం చూడడమూ, మార్కులు పడడమూ అన్నీ నిమిషాల మీద అయిపోతాయట. మాకు చదువు చెప్పిన టీచర్లు ఆలస్యం చేసేవాళ్లు, విసుక్కునేవాళ్లు, మార్జిన్లో గీకేవాళ్లు, కానీ చదివేవాళ్లు. అవతల ఒక మనిషి కూర్చుని చదువుతుందనే నమ్మకంతో పిల్లలు రాసేవాళ్లు. ఆ నమ్మకంతో రాసిన చివరి పిల్ల తనేనేమోనని, ఆ రాత చేరింది చదవని నా చేతికేనని, అప్పుడప్పుడు అనిపిస్తుంది.