తాతమ్మ పేరు కోసం

ఈమధ్య పుప్పాలగూడలోని మా అమ్మాయి ఫ్లాటుకి జనాభా లెక్కలామె వచ్చింది. అమ్మాయీ అల్లుడూ రాయదుర్గంలో ఆఫీసులకి పోయారు, మనవడు నిద్రపోతున్నాడు, జవాబులు చెప్పడానికి నేనే మిగిలాను. "జర ఇంట్ల ఎవరెవరుంటరో చెప్పండమ్మా" అంది. అల్లుడి పేరుతో మొదలుపెట్టి, "మీరు ఆయనకేమైతరు?" అని అడిగింది. అత్తగారినన్నాను. "పనేమన్న చేస్తరా?" అంది. పొద్దుట పాలసీసాతో మొదలైన నా రోజంతా నోటిదాకా వచ్చింది గానీ, "ఏం లేదమ్మా" అన్నాను. అలాగే ఫోన్లో నొక్కుకుని, మంచినీళ్లు తాగి వెళ్లింది. తలుపు వేసుకుని బాల్కనీలోకి వెళ్లాను. అక్కడ పావురాలు రాకుండా వల కట్టించారు. పావురాలు బయట హాయిగానే ఉన్నాయి, వల లోపల ఉన్నది నేనే. పిల్లాణ్ణి వదిలి కిందికి దిగలేను. దిగినా, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లకి నేను ఫలానా నంబరు ఫ్లాటు అమ్మమ్మని. పిల్లలు ప్రేమగానే చూస్తారు, కాదనను. అయినా ఒక్కోసారి ఊపిరాడదు.

అలాంటప్పుడే మా తాతమ్మ గుర్తొస్తుంది. నాన్నగారి నాయనమ్మ. నేను పుట్టేసరికే ఆవిడ లేదు. కాపరానికి వచ్చాక ఆవిడ వీధిగుమ్మం దాటగా చూసినవాళ్లు లేరని నాన్న చెప్పేవారు, అదీ మెచ్చుకోలుగా. రెవెన్యూలో రిటైరైన మా పెదనాన్నగారబ్బాయి, అంటే మా అన్నయ్య, పోయినేడాది మా వంశవృక్షం అచ్చువేయించే పని పెట్టుకున్నాడు. ఏడు తరాల మగవాళ్లు కొమ్మకొకరు కూర్చున్నారు. ఆడపిల్లల్ని ఎవరి చెట్లకి వాళ్లని వదిలేశాడు. భార్యలకి మాత్రం పక్కన చిన్న గడి ఇచ్చాడు. తాతమ్మ గడి ఖాళీ. "అచ్చుకిచ్చేలోగా పేరు తెలిస్తే వేస్తానమ్మాయ్, లేకపోతే గీత గీసేస్తా" అన్నాడు. ఉద్యోగం వదిలినా గీత గీసే అలవాటు వదల్లేదు. నాకు రోషం వచ్చింది. ఆవిడ గడిలో గీత పడితే రేపు నాకూ అదే గతి అనిపించింది.

మనవడు నిద్రపోయే మధ్యాహ్నాలు ఫోన్లో పాత జనాభా లెక్కల పుస్తకాలు తిరగేశాను. మా తాలూకాలో ఆడవాళ్లెందరో, వాళ్లలో చదువురానివాళ్లెందరో అన్నీ ఉన్నాయి. ఆ అంకెలో ఆవిడ కచ్చితంగా ఉంది, వేలు పెట్టి చూపించలేనంతే. అన్నయ్య పంపిన పాత దస్తావేజుల్లో ముత్తాతగారి పేరుంది, ఆయన తండ్రి పేరుంది, పొలం సరిహద్దులోని తుమ్మచెట్టు కూడా ఉంది. ఆవిడ మాత్రం ఉత్త 'భార్య'. ఇక మిగిలింది కొత్తగూడలో కొడుకు దగ్గరున్న మా మేనత్త. చిన్నప్పుడు తాతమ్మ చేతుల్లో పెరిగిన మనిషి. చివరికొక ఆదివారం అమ్మాయిని బతిమాలి, పిల్లాణ్ణి అప్పగించి క్యాబ్ ఎక్కితే, ఫ్లైఓవర్ కింద ఎంతసేపటికీ కదల్లేదు. ఇల్లు వదిలినా ఇరుక్కోవడం తప్పలేదు.

నా ప్రశ్నకి అత్తయ్య తెల్లబోయింది. "పేరా? మేం నాయనమ్మా అనేవాళ్లం. తాతయ్య 'ఏమే' అనేవాడు. ఇంకెవరు పిలుస్తారే?" కాసేపటికి ఏదో తోచి, కోడలి చేత అటక మీది ఇత్తడి చెంబు దింపించింది. "ఇది నాయనమ్మ పుట్టింటివాళ్లిచ్చింది. పేరు చెక్కించే పంపారట, చూడు." కాపరానికి పంపేటప్పుడు సామాను మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించడం మాలో అలవాటు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాను. మెడ చుట్టూ నున్నగా ఉంది. ఒక పక్క 'మ్మ' మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో ఏ ఆడదాని పేరుకైనా చివర ఉండేది అదేగా. "రోజూ చింతపండూ బూడిదా వేసి తోమేది. మచ్చ కనిపిస్తే ఇంట్లోవాళ్లు ఊరుకునేవాళ్లు కారు" అంది అత్తయ్య. నాకు ఏడుపాగలేదు. అత్తయ్య కంగారుపడి కాఫీ పెట్టించింది.

ఇంటికి రాగానే అన్నయ్యకి ఫోన్ చేసి ఆ గడిలో 'మ్మ' అని వేయమన్నాను. "అచ్చుతప్పనుకుంటారే" అన్నాడు. "అనుకోనీ అన్నయ్యా. ఇదేంటని అడుగుతారుగా. గీత గీస్తే ఎవరడుగుతారు?" అన్నాను. గొణిగాడు గానీ వేశాడు. కాలం మనుషుల పేర్లు చెరిపేస్తుందంటారు. మా తాతమ్మ పేరు జోలికి కాలం రాలేదు. ఆ పని మేమే ఆవిడ చేత రోజూ చేయించుకున్నాం.