పెద్దమ్మ దాచిన నెత్తురు

మా ఇళ్లల్లో ఆడమనిషికి మర్యాద దొరికేది ముట్లు ఆగిపోయాకే. ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మా పెద్దబాపు ఇంట్లోనూ అంతే. నెలనెలా మగ్గం తాకొద్దు, నూలు ముట్టొద్దు అని పెద్దమ్మను మూలకు కూర్చోబెట్టిన వాళ్లే, ఆమెకు అన్నీ ఆగిపోయాక దేవుని గూడు ఆమె చేతికప్పగించారు. పోచమ్మకు బోనం వండేది ఆమె, నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు నడిచేది ఆమె. పెళ్లిళ్లలో ఆమె రానిదే పసుపు దంచరు. పెద్దమ్మ మురిసిపోయేది పాపం.

అలాంటి మనిషికి ఇన్నేళ్ల తర్వాత మళ్లీ నెత్తురు కనబడింది.

ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే మళ్లీ మూలకే. ఈ వయసులో ఇదేం చోద్యమని నవ్వుతారు కూడా. ఎలాగో నోరు తెరిచి తోడికోడలికి, అంటే మా చిన్నమ్మకు, చెవిలో చెప్పింది. చిన్నమ్మ చెడ్డదేం కాదు. వేడి చేసి ఉంటుంది, మెంతులు నానబెట్టుకుని తాగమంది. బోనాలు అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దంది. బోనాలయ్యాయి, బతుకమ్మ వచ్చింది. బతుకమ్మ అయింది, ఇంట్లో పెళ్లి వచ్చింది. పెద్దమ్మ ముదురు రంగు చీరలు కట్టడం మొదలుపెట్టింది. ఎందుకని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

మళ్లీ బోనాలొచ్చాయి. ఆ బోనమూ ఎత్తి, వారం తిరక్కుండానే కండెలు చుడుతూ చుడుతూ రాట్నం పక్కనే పడిపోయింది. సుబేదారిలో ఆఫీసులో ఉన్న నాకు ఫోన్ వస్తే ఉరికాను. ఆటోలో పెద్దమ్మ చీర తడిసి ఉండడం చూసి గట్టిగా అడిగితే, అప్పుడు చిన్నమ్మ గుసగుసగా సంగతంతా చెప్పింది. దవాఖానలో డాక్టర్ ఏమైందని అడిగితే పెద్దబాపు జర నీరసం సార్, తిండి సరిగ్గా తినదు అన్నాడు. చిన్నమ్మ నేల చూపులు చూస్తోంది. ఇక నావల్ల కాలేదు.

"నీరసం కాదు సార్. ముట్లు ఆగిపోయినంక మల్ల నెత్తురు పోతాంది. ఏడాది సంది దాస్తాన్రు."

"మొగోళ్ల ముందట గవేం మాటలే? ఇజ్జత్ తీస్తానవ్" అన్నాడు పెద్దబాపు. మనిషి పోతుంటే ఏం ఇజ్జతని నేనూ ఊరుకోలేదు. వార్డంతా మా వైపే చూసింది. చూడనీ.

గర్భసంచి క్యాన్సర్ అని తేలింది. అప్పటికే పాకింది. మొదట్లోనే తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లమని డాక్టర్ అంటే పెద్దబాపు బయటికెళ్లి బీడీ ముట్టించుకున్నాడు.

బట్టల కోసం ఇంటికి పోయాను కదా, అక్కడ ఆడవాళ్లంతా కలిసి ఇల్లు కడుగుతున్నారు. దేవుని గూట్లోని ఇత్తడి సామానంతా చింతపండుతో తోముతున్నారు. దవాఖానలో నేనన్న మాట అప్పటికే ఇల్లు చేరింది, బోనం కుండ పగలగొట్టి పారేశారు. నెత్తురు పోతుండగా ఎత్తిన బోనం కదా, ఇల్లంతా మైలట! పెద్దమ్మ ఎట్లుందని ఒక్కరు అడిగితే ఒట్టు. పసుపునీళ్ల బకెట్ తీసుకెళ్లి మోరీలో గుమ్మరించాను. నీకు మాకన్నా ఎక్కువ తెలుసా అని అరిచారు. అవును, తెలుసు.

దవాఖానకు తిరిగొచ్చాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

"మైలతోని బోనమెత్తిన బిడ్డా. అమ్మకు కోపమొచ్చింది. అందుకే గిట్లయింది నాకు."

ఆ నెత్తురే జబ్బు పెద్దమ్మా, అది బోనం కంటే ముందే వచ్చింది, నువ్వేం చెయ్యలేదు అని ఎన్ని విధాలుగానో చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, కసిరి చెప్పాను. అన్నీ విని, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నా తరఫున గుడికి పోయి, తప్పయిందని దండం పెట్టిరా."

ఆ చలికాలం దాటలేదు పెద్దమ్మ. పోయేదాకా, పెట్టినవా బిడ్డా అని అడుగుతూనే ఉంది. నేను పెట్టలేదు. ఆమె ఏం తప్పు చేసిందని పెట్టాలి?