‘కౌ’కి తల్లెవరు?

ఆ రోజుల్లో నా ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, దేశం కాని దేశంలో, డునెడిన్‌లో భాషాశాస్త్రం చదువుతున్నాను. (ఐటీ మానేసి ఇదేం చదువని అడగని తెలుగువాళ్ళు లేరు, అదొక మంట.) ఇంగ్లీషు ‘కౌ’ అనే మాట పుట్టుక మీద నేను రాసిన వ్యాసం మా మేడమ్‌కి నచ్చింది. నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలిగితే వచ్చే సెమిస్టర్ ట్యుటోరియల్ క్లాసులు చెప్పే పని నాకే ఇస్తానంది. ఆ క్లాసుల మీదే ప్రాణం పెట్టుకున్నాను. మన ఉగాది సభలో మాట్లాడుతున్నాను, వచ్చి వినమన్నాను. వచ్చి, ముందు వరుసలో కూర్చుంది.

మైకు అంకుల్ (హాస్పిటల్లో పెద్ద ఉద్యోగం, మైకు దొరికితే మాత్రం వదలడు) మేడమ్‌కి కూడా తెలియాలని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "మన గోవులోంచే వీళ్ళ కౌ పుట్టిందని మన అమ్మాయి ప్రూవ్ చేసింది!" ఒకటే చప్పట్లు. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. నేను రాసినదానికి అది పూర్తిగా తలకిందులు! ఆ కోపంలో నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"తల్లీ కూతుళ్ళు కాదంకుల్, అక్కచెల్లెళ్ళు!" అని తెలుగులోనే అరిచాను. "రెంటికీ తల్లి ఇంకో పాత మాట. ఆ తల్లి గకారం ఇటు మన గోవులో నిలిచింది, అటు ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ భాషల్లో కకారమైంది. పాత ఇంగ్లీషులో ‘కూ’ అనేవాళ్ళు, అదే తర్వాత ‘కౌ’ అయింది!"

"ఆ తల్లిని ఎవరైనా చూశారా?" అంది వెనకనుంచి ఒక ఆంటీ.

"మీ అత్తగారిని మీరు చూశారా?"

"లేదమ్మా, నా పెళ్ళికి ముందే పోయారు."

"మీవారి ముక్కూ, మీ ఆడపడుచుల ముక్కూ ఒకటేనా?"

"అచ్చు ఒకటే."

"మరి అత్తగారి ముక్కు ఎలా ఉండేదంటారు?"

"మా మామగారి ముక్కేమో, ఎవరు చూడొచ్చారు!"

హాలంతా ఘొల్లుమంది. ఇక ఎవరికి ఎవరి పోలికన్నదాని మీద వాదన లేచింది. గోవుకి కౌ ఏ వరస అవుతుందో తేలేదాకా భోజనాలకి లేచేది లేదన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. క్లాసులు పోయినట్టేననుకుని స్టేజి దిగి వచ్చాను.

"నాకు ఒక్క మాటా అర్థం కాలేదు," అంది మేడమ్. "కానీ వాళ్ళకి అర్థం కాకపోతే ఇంతమంది ఇంతలా పోట్లాడరు. క్లాసులు నీవే."

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు, నేనుండే టకానినిలో ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీలో ఒకాయన గోవులోంచే కౌ పుట్టిందంటాడు. తలూపి, ఇంకో గారె వేసుకుంటాను. ఆ డునెడిన్ పిల్లయితేనా, ఆయన్నే కాదు, నన్నూ కలిపి దులిపేసేది.